గరుకు సగం

మార్చి 3, సోమవారం

నాకు రాయడం రాదు. వేలిముద్ర వేయడం వచ్చు, అదీ ఎడమచేతిది. కుడిచేతి వేళ్ల మీది గీతల్ని సబ్బు ఎప్పుడో తినేసింది. అందుకని నేను చెప్తుంటే మా ఆడపడుచు రాస్తోంది. ఉద్యోగమంతా బడిలో పిల్లల చెవులు మెలిపెట్టిన మనిషి కాబట్టి ఆమెను నేను పంతులమ్మ అంటాను. నా మాటలు దిద్దడానికి వీల్లేదని, తిట్టిన చోట తిట్టు తిట్టులాగే ఉండాలని ముందే చెప్పాను. సరే అంది. ఆ సరే అన్న మాట కూడా రాయించాను.

ఇది మ్యూజియం పెద్దాయనకి ఇవ్వడానికి. నా వాదన నాకు ఒకచోట ఉండాలి.

సంగతి ఇది. మా పెరట్లో కుళాయి కింద ఒక ఉతికే బండ ఉంది. పెళ్లయిన ఏడాదే మా ఆయన తెచ్చి వేశాడు. ఆయన క్వారీలో రాళ్లు కొట్టేవాడు, నేను ఆసుపత్రి దుప్పట్లు ఉతికేదాన్ని. అంతకుముందున్న బండ మీద తడిసిన దుప్పటి పాములా జారిపోయేది. ఈ బండ మీద జారదు. దీని నిండా తేనెపట్టులాగా చిన్న చిన్న గుంటలు, గుంటకీ గుంటకీ మధ్య సన్నటి గట్లు. ఎక్కడిదని అడిగితే, నీ కోసమే చెక్కాను, మధ్యాహ్నం తిండి తిన్నాక కూర్చుని రోజూ కాస్త కాస్త, అన్నాడు.

ఆయన కాపురం చేసినంత కాలం నాతో ముద్దుగా ఒక్క మాట అనలేదు. వంట బాగుందనలేదు. నువ్వు బాగున్నావనలేదు. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి, కాలుతోంది అని నాకే చెప్పి పనికి పోయేవాడు. ఆయన తీరు అంత, నేను ఫిర్యాదు చేయడం లేదు. ఎందుకంటే నాకు బండ ఉంది. ఈ వీధిలో ఏ ఆడదానికీ మొగుడు బండ చెక్కివ్వలేదు. ఎవరైనా తమ మొగుడి గొప్పలు మొదలుపెడితే నేను పెరట్లోకి తీసుకెళ్లి దీన్ని చూపించేదాన్ని. నోళ్లు మూతపడేవి.

మొన్న ఏం జరిగిందంటే, మా మేడ మీద గదిలో ఒకావిడ అద్దెకుంటోంది. మ్యూజియం తరఫున క్వారీలో పాత ఎముకలు వెతకడానికి వచ్చింది. నేను ఎముకలమ్మ అంటాను. బురద మేజోళ్లు ఉతుక్కోవడానికి కుళాయి దగ్గరికొచ్చింది. బండ మీద మేజోడు పెట్టి వంగింది, మళ్లీ లేవలేదు. నడుం పట్టేసిందేమోనని వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుని నా బండని వేలితో తడుముతోంది.

“పెద్దమ్మా, ఇది తాబేలు” అంది.

ఎక్కడుందా అని చుట్టూ చూశాను.

అప్పుడు చెప్పింది. ఈ గుంటలు మనిషి చెక్కినవి కావట. మనుషులు పుట్టకముందే చచ్చి, రాయైపోయిన తాబేటి డిప్పట. దానికి శిలాజం అని పేరట. నాకు ఒళ్లు మండింది. తడి మేజోడు తీసి ఆవిడ చేతిలో పెట్టి పైకి పొమ్మన్నాను.

అంటే మా ఆయన అబద్ధాలకోరు అని, ఆయన పోయిన ఇన్నేళ్లకి, ఆయన ఇంట్లోనే అద్దెకుంటూ చెప్తుందా.

మార్చి 4, మంగళవారం

నా వాదన. పంతులమ్మా, వరసగా రాయి.

బండకి రెండు సగాలున్నాయి. నేను కూర్చునే వైపు సగం గరుకు. అక్కడి గుంటలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. గట్లు పదునుగా ఉంటాయి. పలచటి బట్ట అక్కడ పెడితే దారం పీకుతుంది, అందుకని ఆ వైపు కాలర్లూ గోనెలూ రుద్దేదాన్ని. కుళాయి వైపు సగం నునుపు. అక్కడి గుంటలు పొందిగ్గా, ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా ఉంటాయి. పసిపిల్లల బట్టలు కూడా వేయొచ్చు.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? ముందు గరుకు సగం చెక్కాడు. చెయ్యి తిరిగాక నునుపు సగం చెక్కాడు. పని నేర్చుకుంటున్న మనిషి చెయ్యి అందులో కనిపిస్తోంది. తాబేలు పని నేర్చుకుంటుందా?

ఇక్కడ పంతులమ్మ కలం ఆపి, వదినా, అన్నయ్య అసలు... అని మొదలుపెట్టింది. రాయమన్నాను.

మార్చి 6, గురువారం

ఎముకలమ్మ వచ్చింది. నేను కుర్చీ చూపించలేదు. తనే కుళాయి గట్టు మీద కూర్చుంది. నన్ను బాధపెట్టాలని అనలేదట. సరే, విన్నాను. వినకుండా ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. పంతులమ్మ నవ్వుతోంది. నవ్విందని కూడా రాయమన్నాను.

ఆవిడ చెప్పింది ఇదీ. తాబేళ్లలో మెత్తటి డిప్పవి కొన్ని ఉన్నాయట. పైన తోలు, తోలు కింద ఎముక, ఆ ఎముక నిండా ఇలాంటి గుంటలు. వాటి సంతతి ఈనాటికీ ఉందట. మెల్లగా పారే నదుల్లో, అడుగున బురద పేరుకున్న మడుగుల్లో ఉంటాయి. బురద కప్పుకుని ముక్కు ఒక్కటి పైకి పెట్టి పడుకుంటాయట. అలాంటి డిప్ప రాతిలో ఉందంటే, ఆ రాయి ఒకప్పుడు అలాంటి మడుగు అడుగు. ఇంకొకటి కూడా చెప్పింది. పారే నీళ్లలో చచ్చిన తాబేలు డిప్ప ఊడి ఏ ముక్కకి ఆ ముక్క కొట్టుకుపోతుంది. నా బండలో ఒక్క ముక్కా కదల్లేదు. అంటే నీళ్లు నిలకడగా ఉండేవి, బురద వెంటనే కప్పేసింది.

నీళ్లా, ఇక్కడా అన్నాను. ఎండలు ముదిరితే మా వీధికి నీళ్ల లారీ వస్తేనే గొంతు తడిసేది. క్వారీలో తుమ్మినా దుమ్ము లేస్తుంది. ఈ నేలకి తాబేలు ఏం తాగి బతికింది?

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“నేను తెలుసుకోవాలనుకుంటున్నది అదే పెద్దమ్మా. ఎలాంటి నీళ్లు, ఎలా పోయాయి అని. తాబేలు ఒక్కటే చెప్పలేదు. అది ఏ పొరలో పడుకుందో ఆ పొర చూడాలి. ఎక్కడిదో తెలియకపోతే ఇది ఉత్త బొమ్మ. మీ ఆయన ఈ బండని క్వారీలో ఎక్కడ తీశారో మీకేమైనా తెలుసా?”

తెలుసు. నాకొక్కదానికే తెలుసు. పెళ్లయిన కొత్తలో ఆయన తిండి డబ్బా మర్చిపోయి వెళ్తే పట్టుకెళ్లాను. మెట్లు మెట్లుగా తవ్విన ఆ క్వారీలో అన్నిటికంటే కింది అంచెలో, గోడ లోపలికి తొలిచినట్టున్న ఒక నీడ చోటు. అక్కడ కూర్చుని ఉన్నాడు. తర్వాత బండ ఇంటికొచ్చాక చెప్పాడు, ఆ రోజు నువ్వొచ్చావు చూడు, అక్కడే చెక్కాను అని.

తెలియదు అన్నాను ఎముకలమ్మతో. పంతులమ్మ నా వంక చూసింది. చూస్తే చూసింది. చెప్పానంటే ఆవిడ దొరికిన చోటు అని రాసుకుంటుంది. అది దొరికిన చోటు కాదు, చెక్కిన చోటు.

మార్చి 7, శుక్రవారం

ఇవాళ గరుకు వైపు రుద్దాను. బాగానే ఉంది. ఎప్పటిలాగే ఉంది.

మార్చి 10, సోమవారం

నిన్న రాయలేదు. పంతులమ్మతో గొడవ.

మొన్నటినుంచీ మింగుతున్న మాట నిన్న కక్కేసింది. వాళ్ల అన్నయ్యది పుట్టుకతో ఎడమచేతి వాటమట. బడిలో ఆ చెయ్యి వెనక్కి కట్టేసి కుడిచేత్తో రాయించేవాళ్లట. ఆయనకి కుడిచెయ్యి మాట వినేది కాదు. “వదినా, మా అన్నయ్యకి పలక మీద సున్నా చుట్టడం రాలేదు. సున్నా చుడితే వంకాయలా వచ్చేది. అందుకే బడి మానేశాడు. అంత పొందికైన గుంటలు చెక్కాడంటే నేను నమ్మను” అంది.

పెళ్లి కానిదానివి, మొగుడు పెళ్లానికోసం ఏం చేస్తాడో నీకేం తెలుసు అన్నాను. అనకూడని మాట. అది లేచి వెళ్లి తలుపు వేసుకుంది. ఇవాళ పొద్దున తనే వచ్చి కలం తీసుకుని, నిన్నటి మాట రాయాలా వద్దా అని అడిగింది. రాయమన్నాను. నాకు సిగ్గు లేదనుకుంటుందేమో. ఉంది. అందుకే రాయమన్నాను.

మార్చి 12, బుధవారం

ఇవాళ చాలా నడిచాను. మోకాళ్లు నన్ను తిడుతున్నాయి.

క్వారీ మూసేస్తున్నారట. కూలగొట్టిన ఇళ్ల ఇటుక ముక్కలు లారీల్లో తెచ్చి పోస్తున్నారు. పొద్దున ఎముకలమ్మ ఫోనులో ఎవరినో బతిమాలుతుంటే మెట్ల దాకా వినిపించింది. పొర ఎక్కడుందో చూపించగలిగితే అటువైపు పోయడం కొన్నాళ్లు ఆపుతారు, చూపించలేకపోతే ఆపరు.

నేను ఆవిడ మీద జాలిపడి వెళ్లలేదు. అది స్పష్టంగా రాయి. చెక్కిన చోట రాతిపొట్టు ఉంటుంది. ఆ పొట్టు ఒక గుప్పెడు తెచ్చి బండ పక్కన పోస్తే ఎముకలమ్మ నోరు మూతపడుతుంది. నేను వెళ్లింది అందుకు. ఆ చోటు నాకు తెలుసు, పద, అన్నాను ఎముకలమ్మతో. పంతులమ్మ నా చెయ్యి పట్టుకుంది. గేటు దగ్గర కాపలావాడు, ముసలివాళ్లని రానివ్వం అన్నాడు. నాకంటే అతనే ముసలివాడు. ఆ మాటే అన్నాను. గేటు తీశాడు.

కింది అంచె దాకా లారీ దారి ఉంది. నీడ చోటు అలాగే ఉంది. ఆయన కూర్చున్న రాతి దిమ్మ ఇటుక ముక్కల కింద పోయింది. పొట్టు లేదు. ఉన్నా ఆ చెత్తలో ఏది పొట్టో ఏది ఇటుకో తెలియదు. కాస్త ఊపిరి తీసుకుందామని గోడకి చెయ్యి ఆనించాను.

నా అరచేతికి నా బండ తగిలింది.

పొందికైన గుంటలు. నునుపు సగం. నేను చూడకుండానే గుర్తుపట్టాను, చెయ్యి తీయలేకపోయాను. ఎముకలమ్మ మోకాళ్ల మీద పడి బ్రష్షుతో దులపడం మొదలుపెట్టింది. గోడలో నా బండ ఉంది. ఒకటి కాదు. ఒకదాని మీద ఒకటి, ఒకదాని అంచు కింద ఇంకొకటి. గోరంత నత్తగుల్లలు వాటి మధ్యన. కింద బూడిద రంగు రాయి, ముట్టుకుంటే ఇప్పటికీ బురదలా మెత్తగా అనిపిస్తుంది. పైన దాన్ని నిలువునా చీల్చిన నెర్రెలు, నెర్రెల నిండా గట్టిపడ్డ ఇసుక.

ఆవిడ అరవలేదు, గంతులు వేయలేదు. చాలాసేపు వేలితో ఆ నెర్రెల వెంబడే వెళ్లింది. తర్వాత మాకు చెప్పింది. ఇక్కడ పెద్ద మడుగు ఉండేది. వానలు తగ్గాయి. నీళ్లు కుంచించుకుపోతుంటే చుట్టుపక్కల తాబేళ్లన్నీ మిగిలిన ఆ కాస్త గుంటలోకి చేరాయి. నీళ్లు తగ్గినకొద్దీ దగ్గర దగ్గరగా జరిగాయి. చివరికి బురద ఎండి నెర్రెలిచ్చింది. తర్వాతెప్పుడో గాలో వరదో ఇసుక తెచ్చి నెర్రెల్ని పూడ్చింది. రాసిపెట్టినట్టు ఉంది పెద్దమ్మా, అంది. నాకు రాత రాదు కానీ అది మాత్రం చదవగలిగాను. నీళ్ల లారీ రాని రోజు మా వీధి కుళాయి కింద బిందెలు ఎలా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయో, అవి అలా ఉన్నాయి.

పైకి వస్తుంటే పంతులమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే బాగుండేది, తిట్టడానికి నాకొక మనిషి దొరికేది.

ఆ గోడని ఎవరు చెక్కారు? ఎవరి కోసం?

మార్చి 13, గురువారం

ఉతకలేదు. పంతులమ్మ తన బట్టలు తనే బక్కెట్లో జాడించుకుంది.

మార్చి 14, శుక్రవారం

ఆయన ఫోటోని గోడవైపు తిప్పాను. పంతులమ్మ ఇటు తిప్పింది. నేను అటు తిప్పాను. మధ్యాహ్నానికి మళ్లీ ఇటు ఉంది. ఈ వయసులో మా ఇద్దరికీ ఇదొక ఆట.

అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏమొచ్చింది? నీకోసం ఇది మోసుకొచ్చాను అన్నా సరిపోయేదే. అంత బరువు క్వారీ అడుగు నుంచి మోసుకురావడం మాత్రం చిన్న పనా? చెక్కాను అని ఎందుకన్నాడు? ఆ ఒక్క మాట మీద నేను ఎంతమంది ఆడవాళ్ల నోళ్లు మూయించాను. వాళ్లలో బతికున్నవాళ్లు ఇప్పుడు వింటే ఏమంటారు.

ఇది ఇక మ్యూజియం పెద్దాయనకి ఇవ్వను. ఎవరికీ ఇవ్వను. అయినా చెప్పడం ఆపలేకపోతున్నాను. పంతులమ్మా, విసుగొస్తే చెప్పు.

రాలేదట.

మార్చి 16, ఆదివారం

బండని తీసుకుపో అన్నాను ఎముకలమ్మతో. నాకేం, బక్కెట్టు ఉంది.

ఆవిడకి సంతోషం దాచుకోవడం రాదు. అయినా దాచుకుంది, అంతవరకు మెచ్చుకోవాలి. కదిలించేముందు ఇక్కడే శుభ్రం చేయాలంది. ఇన్నేళ్లూ రోజూ సబ్బుతో కడిగిన బండకి మురికి ఉంటుందా అని నాకు పౌరుషం వచ్చింది. మురికి కాదు పెద్దమ్మా, ఆ సబ్బే, అంది. పెచ్చులు పెచ్చులుగా కట్టి, గుంటల్లో పేరుకుని, బండ మొత్తం ఒకే రంగుకి తిరిగిపోయిందట. చెక్క పుల్లలూ మెత్తటి బ్రష్షులూ పెట్టుకుని కూర్చుంది. పిల్లలకి చెవిలో గుబిలి తీసినట్టు ఒక్కో గుంటా తీస్తోంది. కుళాయి వైపు నుంచి మొదలుపెట్టింది.

నేను చూడటం లేదు. కిటికీ దగ్గర కూర్చున్నానంటే గాలి కోసం.

మార్చి 19, బుధవారం

పంతులమ్మా, నెమ్మదిగా రాయి.

పొద్దున ఎముకలమ్మ పిలిచింది. పిలిచిన తీరు బాగాలేదు, బండ పగిలిందేమో అనుకున్నాను. పగల్లేదు. సబ్బు పెచ్చంతా పోయింది. నా బండ రెండు రంగులుగా ఉంది.

కుళాయి వైపు సగం ముదురు గోధుమరంగు, కాల్చిన ఎముక రంగు. నేను కూర్చునే వైపు ఉత్త రాయి, బూడిద రంగు. మధ్యలో వంకరగా ఒక గీత. ఆ గీత దగ్గర తాబేలు ఆగిపోయింది.

“నేను పొరపాటు పడ్డాను పెద్దమ్మా. మొత్తం డిప్పే అనుకున్నాను, ఈ వైపు పెచ్చులూడి గరుకైందనుకున్నాను. ఇక్కడ డిప్ప లేదు. విరిగి గోడలోనే ఉండిపోయి ఉంటుంది. ఈ వైపు గుంటలు ఉలితో కొట్టినవి.”

నేను ఆవిడ మొహంలోకి చూశాను. నా ముసలి మొహం చూసి కరిగిపోయి అల్లిన మాటేమో అని. మంచితనంతో అబద్ధాలు చెప్పేవాళ్లని నేను ఆసుపత్రిలో చాలామందిని చూశాను. ఆవిడ టార్చి తెచ్చి బండకి ఓరగా వేసింది. గరుకు సగంలో ఒక్కో గుంటలోనూ ఉలి దిగిన గాటు కనిపించింది, గోరు గుచ్చినట్టు. గుంట గుంటకీ ఉంది. నునుపు సగంలో ఒక్కటీ లేదు.

అప్పటికీ నేను నమ్మలేదు. ఉలిగాటు ఎవరిదైనా కావచ్చు. క్వారీలో ఉలి లేనిదెవరికి?

పంతులమ్మ నా వెనక నుంచి వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని, బండ దగ్గర చతికిలబడింది. పిల్లల పలకలు దిద్దినట్టే ఒక్కో గాటూ చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వేలితో చూపించింది. గాట్లన్నీ ఒకే వైపుకి వాలి ఉన్నాయి.

“వదినా, ఇవి ఎడమచేతివి. ఎంతమంది పిల్లల రాతలు చూశాను, నాకు తెలియదా. ఇదిగో, ఈ సున్నాలు చూడు. అన్నీ వంకాయలే” అంది. అని ఏడ్చింది. బడిలో చెయ్యి కట్టేసిన అన్నయ్య కోసమో, నా కోసమో తెలియదు. నేను ఏడవలేదు. అది రాయి.

ఇప్పుడు నాకు అర్థమైంది ఇంతే. ఆయనకి సగం తాబేలు దొరికింది. మిగతా సగం ఉత్త రాయి. అలా తెచ్చి వేస్తే దుప్పటి సగం నిలిచి సగం జారేది. అందుకని తిండి తిన్నాక కూర్చుని, ఆ తాబేలుని చూసి చూసి, మిగతా సగం దానిలాగే చేయబోయాడు. రోజూ కాస్త కాస్త. రాలేదు. అయినా చివరిదాకా చేశాడు.

చెయ్యి తిరిగిన పని ఆయనదనుకుని ఇన్నేళ్లూ వీధికి చూపించాను. అది తాబేలుది. దారం పీకినప్పుడల్లా నేను తిట్టుకున్న వైపే ఆయనది.

మార్చి 20, గురువారం

ఫోటో ఇటు తిప్పాను. నేనే తిప్పాను.

మార్చి 27, గురువారం

రాయి కోసేవాడు మిషను తెచ్చాడు. మొత్తం బండ తీసుకెళ్లి, పక్కన ఒక పలక పెట్టి, ఈ సగం తాబేలు, ఈ సగం మనిషి పని అని రాయిస్తానంది ఎముకలమ్మ. వద్దన్నాను. ఇద్దరినీ పక్కపక్కన పెడితే చూసేవాళ్లు నునుపు సగాన్నే మెచ్చుకుంటారు. ఇన్నేళ్లూ నేను చేసింది అదే. తాబేలుని తీసుకుపో, దాన్ని దాని వాళ్ల దగ్గర పెట్టు, గోడలోంచి తీసిన మిగతావాటి పక్కన. ఎక్కడిదో చెప్పాను కదా, ఇక అది నీళ్ల సంగతి చెప్తుంది. ఆయన చెప్పాల్సింది నాకే.

గీత వెంబడే కోశారు. దుమ్ము లేచి పెరడంతా నిండింది. పైకి తేలి పంతులమ్మ జుట్టు మీద, నా మీద వాలింది. ఎప్పటి బురదో అది. దులుపుకోబోయి ఊరుకున్నాను.

కోత అంచు తిన్నగా రావడానికి ఆయన వైపు నుంచి కూడా కాస్త పోయింది. కుళాయి కింద ఇప్పుడు మిగిలింది పీటంత ముక్క. దుప్పటి పట్టదు. ఉండ చుట్టినా పట్టదు. పంతులమ్మ చేతిరుమాలు పడుతుంది.

సాయంత్రం ఎముకలమ్మ క్వారీ నుంచి వచ్చి, మెట్ల దగ్గర బురద మేజోళ్లు విప్పింది. లారీలు ఆ వైపు పోయడం ఆపాయట. బక్కెట్టు ఎక్కడుందని అడిగింది. మేజోళ్లు ఇటివ్వమన్నాను. పెద్దమ్మా మీరెందుకు అంటుండగానే లాక్కున్నాను. కుళాయి తిప్పి, ఒక మేజోడు ఆ ముక్క మీద పెట్టి, సబ్బు రాసి, అరచేతి మొదలుతో రుద్దాను. సరిగ్గా పట్టింది. జారలేదు.

దారం లేచింది. లేవనీ.